పెరడు, చెట్లు, పెంపుడు జంతువులు: చుట్టుపక్కల ప్రకృతికి హాని కాకుండా ఎలా చూసుకోవాలి?

ప్రహరీ గోడ మనుషులకే హద్దు. పెరట్లో కొట్టిన పురుగుమందు వాననీటితో కలిసి కాలువలోకి పోతుంది. ఆకులు తగలబెడితే పొగ పక్కింట్లోకి వెళ్తుంది. పిట్ట మింగిన గింజ ఎక్కడో పొదల్లో పడి మొలుస్తుంది. పిల్లి గోడ దూకి వెళ్లి దేన్ని వేటాడి వచ్చిందో మనకు తెలియను కూడా తెలియదు.

"మాది చిన్న పెరడే కదా" అనిపించడం సహజం. కానీ చిన్నవన్నీ కలిస్తే ఎంతవుతుందో చూడండి. 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలో ఇళ్ల ముందు, పార్కుల్లో, ఆటస్థలాల్లో ఉన్న పచ్చికను ఉపగ్రహ సమాచారం ఆధారంగా లెక్కగడితే 1,60,000 చదరపు కిలోమీటర్లకు పైగా తేలింది. ఆ దేశంలో నీళ్లు పెట్టి పండించే మొక్కజొన్న విస్తీర్ణానికి అది దాదాపు మూడు రెట్లు.

ఈ విషయం మాట్లాడుకునేటప్పుడు చాలామంది మొదట అడిగేది "ఏ మొక్క నాటమంటారు?" అని. నా ఉద్దేశంలో అది తర్వాతి ప్రశ్న. ముందు ఏం ఆపాలో చూడాలి. ఆపడానికి పెద్దగా ఖర్చు ఉండదు, ఫలితమూ తొందరగా కనిపిస్తుంది. కింది పనులను ఆ వరుసలోనే పెట్టాను.

1. ముందు ఒక వానను, ఒక రాత్రిని గమనించండి

గట్టిగా వాన పడుతున్నప్పుడు గుమ్మంలో నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. కప్పు మీద పడ్డ నీళ్లు ఏ గొట్టంలోంచి దిగుతున్నాయి? నేలలోకి ఇంకుతున్నాయా, నేరుగా రోడ్డు మీదికి పోతున్నాయా? ఎక్కడ నిలిచిపోతున్నాయి? ఒక కాగితం మీద ఇంటి స్థలం గీసి, సిమెంటు, టైల్స్ పరిచిన చోట్లను గీతలతో నింపండి. మట్టి ఎంత మిగిలిందో తెలుస్తుంది.

నీళ్ల లెక్క సులువే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,000 లీటర్లు. మామూలు వానకే ఇంత నీరు మీ స్థలంలోంచి బయటికి పోతోంది.

చీకటి పడ్డాక మరోసారి బయటికి రండి. ఏ దీపం ఎవరి కోసం వెలుగుతోంది, దాని చుట్టూ ఎన్ని పురుగులు తిరుగుతున్నాయి, వెలుతురు చెట్ల మీద పడుతోందా అన్నది రాసుకోండి.

2. నిప్పు ఆపండి, మందు ఆపండి

రాలిన ఆకులను తగలబెట్టడం ఈ రోజే మానేయండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లే అతి సన్నని కణాలు ఉంటాయి. తడి ఆకులు సరిగ్గా మండవు కాబట్టి పొగ ఇంకా ఎక్కువ వస్తుంది. చుట్టుపక్కల ఉబ్బసం ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు అది నరకం.

పైగా ఆ ఆకుల్లో ప్రాణాలు ఉంటాయి. ఎన్నో రకాల చిమ్మటలు ప్యూపా దశను రాలిన ఆకుల కిందే గడుపుతాయి. మిణుగురుల పిల్ల పురుగులు తడి ఆకుల్లో, మట్టిలో ఏడాదో రెండేళ్లో బతికాకే రెక్కలు వచ్చి ఎగురుతాయి. మిణుగురులు కనపడటం లేదని బాధపడేవాళ్లు ముందు తమ పెరట్లో ఆకులను ఏం చేస్తున్నారో చూసుకోవాలి. నడిచే దారిలో పడ్డవి ఊడ్చి చెట్ల మొదళ్ల చుట్టూ వేస్తే చాలు. ఊడ్చడానికి చీపురు వాడండి. పెట్రోలుతో నడిచే, ఆకులను గాలితో ఊదే బ్లోయర్ గంటసేపు వాడితే, పొగమంచులా కమ్మే కాలుష్యానికి కారణమయ్యే వాయువులు కారు 1,770 కిలోమీటర్లు నడిపినంత మోతాదులో వస్తాయని కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ మండలి లెక్క చెప్పింది.

ఇక పురుగుమందు. ఆకు మీద నాలుగు చిల్లులు కనిపించగానే టెన్షన్ పడి మందు సీసా అందుకోకండి. చిల్లులు పడ్డాయంటే ఆ మొక్క మరొక ప్రాణికి తిండి పెడుతోందని అర్థం. గింజలు తినే పిట్టల్లో కూడా చాలావరకు పిల్లలను పెంచేది పురుగులతోనే. ఉత్తర అమెరికాలో చికడీ అనే పిట్ట ఉంది. బరువు పది గ్రాములకు అటూ ఇటూ. ఒక విడత పిల్లలు గూడు వదిలి ఎగిరే దాకా సాకడానికి ఆ జంటకు 6,000 నుంచి 9,000 దాకా గొంగళి పురుగులు కావాలి. వాటిని దూరాల నుంచి మోసుకురాలేవు, గూటి చుట్టుపక్కలే దొరకాలి. మందు కొట్టి పురుగు లేకుండా చేసి, తర్వాత గింజల గిన్నె వేలాడదీస్తే గూట్లోని పిల్లలకు ఆకలి తీరదు.

పేనుబంక లాంటివి బాగా ముదిరితే నీళ్ల పైపుతో గట్టిగా కడగండి, లేదా ఆ కొమ్మను కత్తిరించి తీసేయండి. అక్షింతల పురుగులు, సాలీళ్లు వచ్చే దాకా కాస్త ఓపిక పట్టండి. చీడ పెరిగాకే వాటిని తినేవి వస్తాయి, ఆ మధ్యలో మందు కొడితే రెండూ చస్తాయి. తిరిగి త్వరగా పెరిగేది చీడే. ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సమ్ ఉన్న మందులకు మరీ దూరంగా ఉండండి. మొక్క అణువణువునా పాకి పుప్పొడిలోకి, మకరందంలోకి చేరతాయి. తేనెటీగలకు హాని చేస్తున్నాయని 2018లో యూరోపియన్ యూనియన్ ఈ మూడింటినీ ఆరుబయట వాడకుండా నిషేధించింది. ఎలుకల మందు కూడా అంతే. అది తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే విషం దానికీ ఎక్కుతుంది. ఎలుకలు వచ్చే కన్నాలు మూసి, తిండి దొరక్కుండా చేసి, అవసరమైతే బోను పెట్టండి.

3. నేలను ఊపిరి పీల్చుకోనివ్వండి

మొదటి రోజు గీసిన కాగితం తీయండి. నడవడానికి, బండి పెట్టడానికి అక్కర్లేని సిమెంటు ఎక్కడుందో చూసి, ఒక మూల నుంచి తీయించడం మొదలుపెట్టండి. అంతా ఒకేసారి కుదరకపోతే పలకల మధ్య సందులు వదిలి కంకర పోసినా నీరు ఇంకుతుంది. కప్పు నీళ్ల గొట్టాన్ని రోడ్డు వైపు కాకుండా మొక్కల వైపు మళ్లించండి. పునాదికి ఆనుకుని కాకుండా కొంచెం ఎడంగా, లోతు తక్కువ ఉన్న పల్లంలోకి దిగేలా చూడండి. ఆ నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి.

తడి చెత్తను కంపోస్టు చేయండి. చెత్త కుప్పల అడుగున గాలి ఆడక కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. పెరట్లో గాలి ఆడేలా కుళ్లబెడితే ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు. ఒక గంప తడి చెత్తకు రెండు మూడు గంపల ఎండుటాకులు వేయండి. కంపు కొడితే తడి ఎక్కువైందని, కదలిక లేకుండా పొడిగా పడి ఉంటే తడి చాలలేదని గుర్తు. వారానికోసారి తిరగేయండి. కుండీల కోసం మట్టి మిశ్రమం కొనేటప్పుడు పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న మొక్కల మట్టి) లేనిది అడగండి. పీట్ నేలలు భూమి మీద మూడు శాతమే ఉన్నా, ప్రపంచంలోని అడవులన్నిటికంటే ఎక్కువ కర్బనాన్ని దాచుకున్నాయి. తవ్వి తీస్తే అదంతా గాల్లోకి పోతుంది.

పచ్చిక ఉండి తీరాలనుకుంటే ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తు ఉంచి కత్తిరించండి, కత్తిరించిన గడ్డిని అక్కడే వదిలేయండి. ఒక మూల మాత్రం ఏమీ పరచకుండా, తవ్వకుండా, ఎండ పడేలా ఉంచండి. తేనెటీగ జాతుల్లో దాదాపు 70 శాతం నేలలోనే గూడు కట్టుకుంటాయి.

4. చెట్టు: ఉన్నదాన్ని కాపాడండి, తర్వాతే కొత్తది నాటండి

కొత్త మొక్క నాటే ముందు పాత చెట్టు సంగతి చూడాలి. పెద్ద చెట్టు ఇచ్చే నీడ, గూళ్లు, తొర్రలు పిల్ల మొక్కకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఆకులు రాలుతున్నాయనో, పిట్టలు రెట్ట వేస్తున్నాయనో కొట్టేసి, బదులుగా పది మొక్కలు నాటామని సరిపెట్టుకోవడం సరికాదు. నీడ పడ్డ గోడ, నేల ఎండలో ఉన్నవాటి కంటే 11 నుంచి 25 డిగ్రీల దాకా చల్లగా ఉండొచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ గాలిని ఇంకా చల్లబరుస్తుంది.

పాత చెట్టుకు మనం చేసే హాని ఎక్కువగా నేల కిందే జరుగుతుంది. నీటిని పీల్చే సన్న వేళ్లు పైనున్న అర మీటరు మట్టిలోనే, కొమ్మల అంచు దాటి కూడా పరుచుకుని ఉంటాయి. మొదలు చుట్టూ సిమెంటు పోసినా, దాని కింద బండ్లు నిలిపి మట్టిని గట్టిపరిచినా, గొట్టం కోసం కందకం తవ్వినా ఆ వేళ్లు చస్తాయి. చెట్టు వెంటనే ఎండదు, రెండు మూడేళ్లకు పైనుంచి ఎండుతూ వస్తుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

తల నరికి మోడు చేయడం కూడా వద్దు. అలా నరికిన చోట వచ్చే కొమ్మలు బలహీనంగా అతుక్కుని ఉంటాయి, గాలికి అవే ముందు విరుగుతాయి. కొమ్మ తీయాల్సి వస్తే అది మాను నుంచి పుట్టే చోట ఉబ్బెత్తుగా కనిపించే మెడకు కాస్త బయట కోయండి. ఆ మెడలోంచే గాయం మూసుకుంటుంది. కోసే ముందు గూళ్లు ఉన్నాయేమో పైకి చూడండి. పిల్లలున్న గూడు కనిపిస్తే అవి ఎగిరిపోయే దాకా పని ఆపండి. ఎండిన కొమ్మ మనుషుల మీద పడే చోట లేకపోతే దాన్ని అలాగే ఉంచండి, వడ్రంగిపిట్టకు అదే ఇల్లు.

కొత్త చెట్టు నాటాలంటే ముందు జాతిని ఎంచుకోండి. మీ ప్రాంతంలో వేల ఏళ్లుగా ఉన్న జాతి అయితే అక్కడి పురుగులకు దాని ఆకు తినడం వచ్చు. బయటి నుంచి తెచ్చిన అలంకారపు మొక్క మీద చాలా పురుగులు బతకలేవు. వాషింగ్టన్ డి.సి. చుట్టుపక్కల ఇళ్లలో చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. మొక్కల్లో 70 శాతానికి తక్కువ స్థానిక జాతులున్న పెరళ్లలో చికడీలు తమ సంఖ్యను నిలుపుకోలేకపోయాయని అందులో తేలింది. ఈ లెక్కలో ఊరట కూడా ఉంది. మిగతా 30 శాతంలో మీకు ఇష్టమైన పరాయి మొక్క ఉండొచ్చు, అది పాకి ఊరంతా కమ్మేసే రకం కానంత వరకు. లాంటానా అలా కమ్మేసే రకమే. అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి తోటల అందం కోసం వెళ్లి ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా అడవుల్లో పొదలై పరుచుకుంది. నర్సరీలో "ఏమీ చూడక్కర్లేదు, దానంతటదే పెరుగుతుంది" అని చెప్పి ఇచ్చే మొక్క గురించి కొనే ముందే ఆరా తీయండి.

ఎక్కడ నాటాలన్నది చెట్టు పూర్తిగా పెరిగాక ఎంత అవుతుందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఇంటికి పడమర వైపు నీడ మధ్యాహ్నం తర్వాతి ఎండను ఆపుతుంది కాబట్టి చల్లదనానికి ఆ వైపు మేలు. కరెంటు తీగల కింద పొడవు పెరిగే జాతి వద్దు.

గుంత వేళ్ల ముద్దకు రెండు మూడింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తును మించకూడదు. చాలా మొక్కలు చచ్చేది లోతుగా పాతడం వల్లే. కాండం అడుగున వెడల్పయి వేళ్లుగా విడిపోయే భాగం మట్టి పైకి కనిపించాలి. కుండీలో గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్లుంటే విడదీయండి లేదా కోసేయండి, వదిలేస్తే కొన్నేళ్ల తర్వాత అవే మానుకు ఉరి అవుతాయి. పాదు చేసి 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరచండి, కాండానికి తగలకుండా చుట్టూ కాస్త జాగా వదలండి. రోజూ ఒక చెంబు పోయడం కంటే కొన్ని రోజులకోసారి నిదానంగా, లోతుగా తడిసేలా పోస్తే వేళ్లు కిందికి దిగుతాయి. ఊతకర్రను ఏడాదిలోపు తీసేయండి.

5. దీపం, అద్దం, నీళ్ల తొట్టి

ఇవి ఒక్క సాయంత్రంలో అయ్యే పనులు. బయటి దీపాన్ని కిందికి తిప్పండి, తెల్లని వెలుగు తీసి పసుపు వెలుగు పెట్టండి, మనిషి వచ్చినప్పుడే వెలిగే సెన్సర్ బిగించండి. పెద్ద అద్దాల కిటికీలకు బయటి వైపు 5 సెంటీమీటర్లకో చుక్క వచ్చేలా స్టిక్కర్లు అంటించండి. అద్దంలో కనిపించే చెట్టును నిజమనుకుని పిట్టలు గుద్దుకుంటాయి. ఒక్క అమెరికాలోనే ఏటా 36 కోట్ల నుంచి 99 కోట్ల దాకా పిట్టలు భవనాలకు గుద్దుకుని చస్తున్నాయని 2014లో అంచనా వేశారు. పిట్టల కోసం పెట్టిన నీళ్లను రెండు మూడు రోజులకోసారి పారబోసి, గిన్నెను లోపల రుద్ది కడగండి. దోమ గుడ్డు నుంచి బయటికి ఎగరడానికి వేడి రోజుల్లో వారం పది రోజులే చాలు.

6. పిల్లి

ఇక్కడ చాలామందికి మనసు కష్టపెట్టుకోవాల్సి వస్తుంది. ఇంట్లో ఒళ్లో పడుకునే పిల్లి బయట నిపుణురాలైన వేటగత్తె. తిండి చాలక వేటాడదు, కడుపు నిండినా వేటాడుతుంది. అమెరికాలో ఆరుబయట తిరిగే పిల్లుల వల్ల ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పిట్టలు చస్తున్నాయని 2013లో వచ్చిన అంచనా. అందులో ఎక్కువ భాగం యజమాని లేని పిల్లులదే, అయినా ఇంటి పిల్లుల వాటా కూడా తక్కువేమీ కాదు. న్యూజిలాండ్‌లోని స్టీఫెన్స్ దీవికి 1894లో దీపస్తంభంతో పాటు పిల్లులూ వచ్చాయి. అక్కడ ఎగరలేని ఒక చిన్న పిట్ట జాతి ఉండేది. కొద్ది కాలంలోనే అది భూమి మీద లేకుండా పోయింది.

అన్నిటికంటే మంచి మార్గం పిల్లిని ఇంట్లోనే ఉంచడం. పిల్లప్పటి నుంచి అలవాటు చేస్తే కష్టం లేదు. కిటికీ దగ్గర కూర్చునే చోటు, ఎక్కడానికి ఎత్తు, గోకడానికి చెక్క ఉండాలి. వీలుంటే బాల్కనీకో పెరటి మూలకో జాలీ కట్టించండి, ఎండా గాలీ దొరుకుతాయి.

ఏళ్లుగా బయట తిరిగిన పిల్లిని ఒక్కసారిగా బంధించలేం. కనీసం సాయంత్రం చీకటి పడకముందు నుంచి తెల్లారి బాగా వెలుగొచ్చే దాకా, పిట్టలు పిల్లలను పెడుతున్న రోజుల్లో పగలు కూడా లోపల ఉంచండి. ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో 300కు పైగా పిల్లుల మీద చేసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. ధాన్యం కలపని, మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెడితే పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు ఈక కట్టిన పుల్లతో వేటలా ఆడిస్తే 25 శాతం తగ్గింది. మెడకు రంగురంగుల గుడ్డ పట్టీ వేస్తే పిట్టల వేట 42 శాతం తగ్గింది. మెడలో గంట మాత్రం చెప్పుకోదగ్గ పని చేయలేదు. గంట కట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. పెంచలేక వదిలేసే పిల్లలే వీధి పిల్లులవుతాయి. పిల్లి మలాన్ని టాయిలెట్లో వేసి నీళ్లు కొట్టకండి, కూరగాయల కంపోస్టులో కలపకండి. అందులో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కల చావులకు అదొక కారణమని తేలింది. కట్టి చెత్తలో వేయండి.

7. కుక్క

కుక్క మలాన్ని ఎరువు అనుకుని వదిలేయకండి. బెల్జియంలోని గెంట్ నగరం దగ్గరి రక్షిత ప్రాంతాల్లో కుక్కల మలమూత్రాల వల్ల ఏడాదికి హెక్టారుకు సుమారు 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం చేరుతున్నాయని 2022లో లెక్కగట్టారు. బీద నేలల్లో పెరిగే అరుదైన మొక్కలను అంత బలం అణచేస్తుంది, గడ్డి, ముళ్ల మొక్కలు దట్టంగా పెరుగుతాయి. వానకు కొట్టుకుపోతే చెరువుల్లో నాచు పడుతుంది. కాబట్టి సంచి తీసుకెళ్లి ఎత్తండి. సంచిలో కట్టి పొదల్లో విసరడం అసలు ఎత్తకపోవడం కంటే ఘోరం. పిట్టలు నేల మీద గూళ్లు కట్టే చోట గొలుసు విప్పకండి.

ఎక్కువమందికి తెలియనిది పేలు, గోమార్ల మందు సంగతి. మెడ వెనక చుక్కలుగా వేసే మందుల్లో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ ఎక్కువగా ఉంటాయి. పైన ఆరుబయట వాడకుండా నిషేధించారని చెప్పుకున్న ఇమిడాక్లోప్రిడే ఇది. 2016 నుంచి 2018 దాకా ఇంగ్లండ్‌లోని 20 నదుల నుంచి తీసిన నమూనాలను చూస్తే 98 శాతంలో ఫిప్రోనిల్, 66 శాతంలో ఇమిడాక్లోప్రిడ్ దొరికాయి. పొలాల్లో వాడకం తగ్గిన చోట కూడా పెంపుడు జంతువుల స్నానం నీళ్ల ద్వారా అవి నదిని చేరాయని పరిశోధకుల అనుమానం. అందుకని ప్రతి నెలా అలవాటుగా వేయకుండా, నిజంగా పేలున్నాయో లేదో సన్న దువ్వెనతో చూసి, పశువైద్యుణ్ని అడిగి అవసరమైనప్పుడే వేయండి. వేశాక ఆ మందు మీద రాసి ఉన్నన్ని రోజులు స్నానం చేయించకండి, చెరువులోకి దింపకండి. ఆ రోజుల్లో దువ్విన వెంట్రుకలను పిట్టలు గూళ్లకు వాడతాయని పెరట్లో వదలకండి.

తిండి విషయంలో ఒక మాట. అమెరికాలో మాంసం, పాలు, గుడ్ల ఉత్పత్తి వల్ల పర్యావరణం మీద పడే భారంలో 25 నుంచి 30 శాతం కుక్కలు, పిల్లుల తిండిదేనని 2017లో ఒక అంచనా వచ్చింది. మనుషులు తినని భాగాలు వాటికి వెళ్తాయి కదా అనే వాదన ఉంది, అందులో నిజముంది. అయినా బొద్దుగా తయారైన కుక్కకు రోజూ కొలిచి పెట్టడం మొదలుపెడితే దాని ఆరోగ్యానికీ మంచిది, వృథా కూడా తగ్గుతుంది.

8. చేపలు, తాబేళ్లు, తొట్టి మొక్కలు

ఒకటే నియమం: ఏదీ బయట వదలకూడదు. చెవుల దగ్గర ఎర్ర చార ఉండే చిన్న తాబేళ్లను రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు ముద్దుగా తెచ్చుకుంటారు. అవి ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతాయి, పళ్లెం అంత పెరుగుతాయి. అప్పుడు చెరువులో వదిలేస్తే అక్కడి తాబేళ్ల తిండిని, ఎండ కాచుకునే చోటును లాక్కుంటాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) తయారు చేసిన 100 అతి హానికర పరాయి జాతుల జాబితాలో ఈ తాబేలు ఉంది. లాంటానా, గుర్రపుడెక్క, ఇంటి పిల్లి కూడా అందులో ఉన్నాయి. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో చిన్న జంతువులను ఊడ్చేస్తున్న బర్మా కొండచిలువలు కూడా ఒకప్పుడు పెంపుడు జంతువులే.

పెంచడం కుదరకపోతే కొన్నచోటనే తిరిగి తీసుకుంటారేమో అడగండి, లేదా పెంచే అనుభవం ఉన్నవాళ్లకు అప్పగించండి. తొట్టి నీళ్లను కాలువలో కాకుండా మొక్కల పాదుల్లో పోయండి. తొట్టిలోని నాచు, నీటి మొక్కలను ఎండలో కరకరలాడేలా ఎండబెట్టాకే చెత్తలో వేయండి. చాలా నీటి మొక్కలకు వేలెడంత తడి ముక్క చాలు, కాలువలో పడితే మళ్లీ చిగురిస్తాయి.